మన రొయ్యల చెరువు, వాళ్ల బూడిద చెరువు

థర్మల్ పవర్ స్టేషన్ మీద కోపం వచ్చిన వాళ్లు ఎవరైనా సరే పెట్టే ఫొటో ఒక్కటే. నడుము సన్నగా, పైనా కిందా లావుగా ఉండే పెద్ద పెద్ద గోపురాలు, వాటిలోంచి తెల్లగా మబ్బుల్లా లేస్తున్నది, కింద "చూడండి ఎంత విషం వదులుతున్నారో" అని ఒక ముక్క. మా భీమవరం గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది ఇది. అది విషం కాదండీ, ఉత్త నీటి ఆవిరి. ఆ గోపురం కూలింగ్ టవర్. బొగ్గు కాలిస్తే బాయిలర్‌లో నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, తిప్పిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా చేయాలంటే చల్లటి నీళ్లు కావాలి, ఆ చల్లటి నీళ్లు కాస్తా వేడెక్కి టవర్‌లోకి వచ్చి చల్లారేటప్పుడు పైకి లేచేదే మనం ఫొటోలో చూసేది. బొగ్గులో ఉన్న వేడిలో మూడింట ఒక వంతుకు కాస్త పైన కరెంటవుతుంది, మిగిలిందంతా ఇలా గాలిలోకో నీళ్లలోకో పోతుంది.

అసలు చూడాల్సింది పక్కన సన్నగా, పొడుగ్గా నిలబడి ఉండే చిమ్నీని. దాంట్లోంచి చాలాసార్లు కంటికి ఏమీ కనపడదు. 500 మెగావాట్లు, ఆ పైన ఉండే యూనిట్లకు చిమ్నీ 275 మీటర్ల ఎత్తు ఉండాలని మన దేశంలో చాలాకాలం నిబంధన. అంత ఎత్తు ఎందుకంటే పొగ తగ్గడానికి కాదు, దూరంగా పోయి పలచబడడానికి. ఆ ఊళ్లో పడాల్సింది పది ఊళ్లలో పడుతుంది, అంతే. ఇంకా అసలైనది ఫొటోలకు అందనంత విశాలంగా, స్టేషన్ వెనక వైపు ఉంటుంది. బూడిద చెరువు, అంటే కాలిన బొగ్గు బూడిదను నీళ్లలో కలిపి వదిలే చోటు. దాని గురించే ఈ పోస్టు, కాస్త పెద్దదే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు లెక్కలు చూద్దాం. 1,000 మెగావాట్ల కేంద్రం ఒకటి రోజంతా పూర్తిగా నడిచిందనుకుందాం. 2 కోట్ల 40 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు మన బొగ్గయితే సుమారు 700 గ్రాములు పడుతుంది, అంటే రోజుకు 16,000 టన్నుల పైన. ఒక గూడ్స్ బండిలో దాదాపు 4,000 టన్నులు పడతాయి కాబట్టి రోజూ నాలుగు గూడ్స్ బండ్లు, ఒక్క రోజు కూడా ఆగకుండా. ఇప్పుడు మన బొగ్గు సంగతి. ఆస్ట్రేలియా, ఇండోనేషియాల నుంచి వచ్చే బొగ్గులో బూడిద పది, పదిహేను శాతం ఉంటే మన సింగరేణి, తాల్చేరు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. నాలుగు బండ్ల బొగ్గు వస్తే దాదాపు బండిన్నర బూడిద అక్కడే మిగిలిపోతుంది. రోజూ. ఆ కేంద్రం పాతికేళ్లు, ముప్పై ఏళ్లు నడుస్తుంది.

నీళ్ల లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే మన డెల్టా వాళ్లకు టీఎంసీల్లో చెబితే తప్ప ఏదీ ఎక్కదు. 2015లో కేంద్రం పెట్టిన పరిమితి ప్రకారం పాత కేంద్రాలు మెగావాట్ అవర్‌కు 3.5 క్యూబిక్ మీటర్లకు మించి నీళ్లు వాడకూడదు. మన 1,000 మెగావాట్లకు ఆ లెక్క కట్టుకుంటే ఏడాదికి ఒక టీఎంసీ చిల్లర. ధవళేశ్వరం కింద పది లక్షల ఎకరాలకు నీళ్లు పారించుకునే మనకు ఒక టీఎంసీ ఒక లెక్క కాదు. అందుకే "థర్మల్ వాళ్లు నది తాగేస్తున్నారు" అని ఎవరైనా ఆవేశపడితే నేను పెద్దగా పట్టించుకోను. తీసుకున్న నీళ్ల కంటే, బూడిద కలిపిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయన్నది పెద్ద ప్రశ్న.

మన గోదావరి జిల్లాల్లో బొగ్గు కరెంటు కేంద్రాల పేర్లు చెప్పమంటే తడుముకోవాల్సి వస్తుంది. మనకున్న పేర్లన్నీ గ్యాస్‌వి. విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట. కాళ్ల కింద గ్యాస్ ఉంది కదా, ఇక మనకేంటి అనుకున్న రోజులు గుర్తున్నాయా? మన తీరం దగ్గర సముద్రంలోని కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ డీ6 క్షేత్రంలో 2009లో గ్యాస్ మొదలైనప్పుడు పేపర్ల నిండా అవే వార్తలు. రెండేళ్లు తిరక్కుండానే ఉత్పత్తి పడిపోవడం మొదలైంది, 2013 నాటికి దాన్ని నమ్ముకుని కట్టిన గ్యాస్ కేంద్రాలు చాలావరకు తాళాలేసుకుని కూర్చున్నాయి. గ్యాస్ మనకు మిగిల్చిన గుర్తులు మాత్రం చెరిగిపోలేదు. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) రెండు నెలల పైన మండింది, 2014 జూన్‌లో నగరం పైప్‌లైన్ పేలుడులో 20 మందికి పైగా కాలిపోయారు. కరెంటు కోసమో ఇంధనం కోసమో ఒక ఊరు ఎంత మూల్యం చెల్లిస్తుందో కోనసీమ వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

గ్యాస్ ఆగినా మన ఇళ్లలో ఫ్యాన్లు మాత్రం ఆగలేదు కదా. ఆ కరెంటు ఎక్కడిది? కిందికి వెళ్తే కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నం, పైకి వెళ్తే పరవాడలో ఎన్టీపీసీ వాళ్ల సింహాద్రి 2,000 మెగావాట్లు. ఇక మన నది వెంబడే ఎగువకు వెళ్తే తెలంగాణలో మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ 1,080 మెగావాట్లు, కిన్నెరసాని నీళ్ల మీద పాల్వంచ, ఇంకా పైన రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు. గ్రిడ్ అంతా ఒకటే కాబట్టి ఏ దీపం ఏ బొగ్గుతో వెలిగిందో ఎవరూ చెప్పలేరు. దేశంలో పుట్టే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు మాత్రం బొగ్గుదే. రాజమండ్రి బ్రిడ్జి మీద, తాడేపల్లిగూడెం గేటు దగ్గర నల్లటి వ్యాగన్లు వెళ్తుంటే లెక్కపెట్టడం చిన్నప్పుడు మాకు ఆట. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది దాకా వచ్చేవి.

ఇప్పుడు మన చెరువుల దగ్గరికి వద్దాం. మా అక్క వాళ్లది ఉండి దగ్గర, వనామీ రకం రొయ్య వేస్తారు. చేపల చెరువులూ రొయ్యల చెరువులూ లేని వాళ్ల కోసం ఒక ముక్క: పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, పొద్దు గూకాక అదే పాచి తిరిగి ఆక్సిజన్ తీసుకోవడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అదే డీఓ, బాగా అడుగంటుతుంది. అప్పుడు నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరగకపోతే రొయ్య తేలిపోతుంది, పెట్టుబడంతా గంటలో పోతుంది. అందుకే రాత్రి పూట అటువైపు ఏ పంట కాలువ గట్టు మీద నిలబడినా నీళ్లు చిలికే చప్పుడు తప్ప ఇంకొకటి వినపడదు. ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు, ఇటు కైకలూరు దాకా అంతే.

అంటే మనకు కరెంటు గట్టిగా కావాల్సింది సరిగ్గా సోలార్ లేని వేళ. ఎండ పోయాక గ్రిడ్‌ను మోసేది ఎక్కువగా బొగ్గే. ఒక నాలుగెకరాల చెరువులో రెండు హెచ్‌పీవి ఎనిమిది ఏరియేటర్లు పది గంటలు తిరిగాయనుకోండి, సుమారు 120 యూనిట్లు. అదంతా బొగ్గు కరెంటే అయితే ఒక్క రాత్రికి 80 కిలోల పైన బొగ్గు కాలినట్టు, 30 కిలోల దాకా బూడిద మిగిలినట్టు. ఆక్వా జోన్‌లో (రొయ్యల సాగుకు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతం) ఉన్న రైతుకు రాయితీ మీద యూనిట్ రూపాయిన్నర, అంటే రైతుకు పడేది 180 రూపాయలు. మిగతా ఖర్చు ప్రభుత్వం మోస్తుంది. బూడిద ఎవరు మోస్తారో బిల్లులో ఉండదు.

ఈ లెక్క మా బావ ముందు పెడితే ఆయన నవ్వాడు. "నువ్వు చెప్పేది బానే ఉంది గానీ బావా, రాత్రి మూడింటికి కరెంటు పోతే నేను చూసుకునేది జనరేటర్‌లో డీజిల్ ఉందా లేదా అని. బూడిద గురించి ఆలోచించే టైమా అది?" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) సరిగ్గా రాక, రేటు పడిపోయి రెండు పంటలు పోగొట్టుకున్నవాడు. కానీ అదే బావ మా జిల్లాలో థర్మల్ పెడతామని ఎవరైనా వస్తే ముందుండి ట్రాక్టర్ అడ్డం పెడతాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

బూడిద చెరువు పక్కన ఎలా ఉంటుందో నాకు తెలిసింది మా పిన్ని వాళ్ల వల్ల. వాళ్లుండేది ఒక థర్మల్ కేంద్రానికి దగ్గర్లో, ఊరి పేరు రాయను, వాళ్లబ్బాయికి అందులోనే కాంట్రాక్టు పని. ఈఎస్‌పీ అని చిమ్నీకి ముందు ఒక ఏర్పాటు ఉంటుంది, కరెంటు పెట్టి బూడిద రేణువులను పలకలకు అంటుకునేలా చేస్తుంది, బాగా పని చేస్తే 99 శాతం పైన పట్టేస్తుంది. పట్టిన బూడిదలో కొంత పొడిగానే సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది. మిగతాది నీళ్లలో కలిపి పైపుల్లో తెచ్చి చెరువులో వదులుతారు. పైన నీళ్లు నిలిచి ఉన్నంతకాలం బాధ లేదు. మే నెలలో పైపొర ఎండిపోయాక గాలి తోలిందంటే మొదలు. పిన్ని మాటల్లోనే చెప్పాలంటే, "గుడ్డలు బయట ఆరేసే పని లేదురా, అన్నం మీద మూత తీసే పని లేదు. చీపురు పట్టి ఊడ్చిన చోటే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు." వాళ్లింటి బోరు నీళ్లు తాగరు, డబ్బా నీళ్లు కొనుక్కుంటారు. బాబాయికి దగ్గు ఉంది, దాని కారణం ఇదేనని డాక్టరు అనలేదు, కాదని కూడా అనలేదు.

బూడిదలో ఏముంటుంది? ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా, ఇసుక జాతివే. కానీ బొగ్గులో కొంచెం కొంచెంగా ఉన్న ఆర్సెనిక్, సీసం, క్రోమియం, ఇలాంటివి బొగ్గు కాలిపోయాక బూడిదలో చిక్కబడతాయి. చెరువు అడుగున సరైన పొర వేయకపోతే అవి మెల్లగా కింది నీళ్లలోకి దిగుతాయి. పాదరసం మాత్రం బూడిదలో పూర్తిగా నిలవదు, చాలావరకు చిమ్నీలోంచి పైకి పోయి, ఎక్కడో నీళ్లలో దిగి, చేపల్లోకి ఎక్కుతుంది. చేపలమ్ముకుని బతికే జిల్లాలో ఉన్నవాళ్లం మనం.

ఇక గండి సంగతి. గోదావరి వాళ్లకు గండి పడడమంటే ఏంటో చెప్పాలా? ఏటిగట్టుకు గండి పడిందంటే ముంచేది నీళ్లు, నాలుగు రోజులకు లాగేస్తుంది, పైగా ఒండ్రు మిగులుతుంది. బూడిద చెరువు కట్ట తెగితే వచ్చేది కాలు పెడితే కూరుకుపోయే బురద, అది ఎటూ పోదు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్ సింగ్రౌలి జిల్లాలో సాసన్ కేంద్రం దగ్గర కట్ట తెగి, పిల్లలతో సహా మనుషులు కొట్టుకుపోయారు, పంట పొలాలు బూడిద కింద పడ్డాయి. అమెరికాలో కూడా జరిగింది, 2008 డిసెంబరులో టెనెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో దాదాపు 40 లక్షల క్యూబిక్ మీటర్ల బూడిద బురద నదిలోకీ ఇళ్ల మీదికీ వచ్చింది. డబ్బున్న దేశంలో ఉన్నా కట్ట కట్టే, తెగుతుంది.

బూడిదంతా చెడ్డదే అని మాత్రం నేను అనను. మా ఇంటి మేడ మీద గది వేసింది బూడిద ఇటుకలతోనే. మన దగ్గర ఎర్ర ఇటుక అంటే లంక మట్టి, పొలం పైమట్టి, కాల్చడానికి ఊక. ఒకసారి పైమట్టి తీసిన చేను మళ్లీ తేరుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతును అడగాలి. బూడిద ఇటుకకు మట్టీ అక్కర్లేదు, బట్టీ అక్కర్లేదు. అసలు 1999లో కేంద్రం తెచ్చిన బూడిద నోటిఫికేషన్‌లో ఒక ముఖ్య ఉద్దేశం పైమట్టిని కాపాడడమే, థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల్లో కనీసం పాతిక శాతం బూడిద కలపాలన్నారు. 2021 డిసెంబరు చివర్లో వచ్చిన కొత్త నోటిఫికేషన్ ఇంకా ముందుకెళ్లి, పుట్టిన బూడిదంతా వాడేయాల్సిందే, చెరువుల్లో పాతది కూడా గడువు పెట్టుకుని తీసేయాల్సిందే, లేకపోతే జరిమానా అంది.

చిక్కు ఎక్కడంటే పొడి బూడిదకు గిరాకీ ఉంది, చెరువులోని తడి బూడిదకు అంత లేదు. పొడి బూడిద కోసం లారీలు క్యూ కడతాయి. 2024 నవంబరులో ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం, అదే ఆర్‌టీపీపీ బూడిద ఎవరి లారీల్లో పోవాలన్న దాని మీద రెండు జిల్లాల నాయకులు ఎంత గొడవ పడ్డారో టీవీల్లో అందరం చూశాం. బూడిద కోసం కొట్టుకున్నారంటే అందులో డబ్బుందనే కదా అర్థం. మరి పాత చెరువుల్లో గుట్టలుగా పేరుకున్నది తీయడానికి అలా పోటీ పడిన నాయకుణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

గంధకం మాట కూడా అనుకోవాలి. 2015 డిసెంబరులో కేంద్రం గట్టి నిబంధనలే పెట్టింది, రెండేళ్లలో ప్రతి కేంద్రం సల్ఫర్ డయాక్సైడ్‌ను తగ్గించాలంది. దానికి ఎఫ్‌జీడీ అనే యంత్రం పెట్టాలి, సున్నపురాయితో గంధకాన్ని పట్టేసి జిప్సం చేస్తుంది, ఖర్చు ఎక్కువ. 2017 గడువు 2022 అయింది, ఆ తర్వాత మళ్లీ మళ్లీ జరిగింది, చివరికి 2025 జులైలో చాలా కేంద్రాలకు అసలు అక్కర్లేదనేశారు. మన బొగ్గులో గంధకం తక్కువ, చిమ్నీలు ఎత్తు, కాబట్టి పర్లేదన్నది వాళ్ల వాదన. గంధకం తక్కువన్నది నిజమే. కానీ కాల్చే బొగ్గు ఎక్కువ కదా! పైగా ఆ వాయువు గాల్లో సన్నటి సల్ఫేటు ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోతుంది. పదేళ్లు గడువులు పొడిగించుకుంటూ వచ్చి, ఖర్చు చేసి ఆ యంత్రం పెట్టిన వాళ్లు పిచ్చివాళ్లయ్యేలా చేయడం నాకు మింగుడుపడలేదు.

సముద్రం గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది రాయకపోతే కాకినాడ స్నేహితులు ఊరుకోరు. యూనిట్ బొగ్గు కరెంటుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దానివల్ల భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోంది, అందరికీ తెలిసిందే. అలాగని సముద్రం కోసేస్తున్న ఉప్పాడను బొగ్గే మింగిందంటే ఒప్పుకోను. ఎగువన కట్టిన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు రావాల్సిన మట్టి తగ్గిపోవడం అక్కడ పెద్ద కారణం. ఒకవైపు మట్టి రాక, ఇంకోవైపు నీటి మట్టం పెరిగి, రెండూ కలిసి అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం మీద పడ్డాయి. మట్టి సంగతి మన రాష్ట్రాల పని, నీటి మట్టం సంగతి ప్రపంచం పని, రెండింటికీ మునిగేది మాత్రం ఒకే వీధి.

థర్మల్ వద్దని మన తెలుగువాళ్లు గట్టిగా కొట్లాడిన చోటు సోంపేట. శ్రీకాకుళం జిల్లాలో బీల అంటారు, మన కొల్లేటిలా ఎప్పుడూ నీళ్లుండే పల్లపు నేల, చేపలూ పశువులూ వరీ అన్నీ దాని మీదే. అక్కడ థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డుకుంటే 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది, 2011 ఫిబ్రవరిలో, అదే జిల్లా కాకరాపల్లిలో ఇంకో థర్మల్ దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ ప్రాణాలు. సోంపేట వాళ్లు బీలను నిలబెట్టుకున్నారు, మంచిదే. కానీ అక్కడ కట్టనిది ఇంకో చోట, నోరులేని ఊళ్లో కట్టారు. మన వాడకం తగ్గలేదు కాబట్టి.

ఏం చేయాలంటావ్ అని బావ అడిగినట్టే మీరూ అడుగుతారు. పగటి సోలార్‌ను రాత్రికి దాచాలి, అంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగలు నీళ్లను పైకి తోడి రాత్రి కిందికి వదిలే ప్రాజెక్టు కట్టారు, ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల అలాంటిదే ఏపీ జెన్‌కో తలపెట్టింది. అక్కడ మన్యం వాళ్ల భూములు, అడవి సంగతి ఉంది, అది తేల్చకుండా ముందుకెళ్తే ఇంకో సోంపేటే. పోలవరంలో 960 మెగావాట్ల జల విద్యుత్ వస్తుంది, అది ఎక్కువగా వరద నెలల్లోనే. ఇవన్నీ పెద్దవాళ్ల చేతిలో పనులు.

మన చేతిలో ఉన్నది కూడా కొంత ఉంది. ఆక్వా రాయితీకి ప్రభుత్వం పెట్టే డబ్బులో కొంత తీసి, చెరువు గట్ల మీద ప్యానెళ్లకీ, ఊరికో సబ్‌స్టేషన్ దగ్గర బ్యాటరీలకీ పెట్టమని మన రొయ్య రైతు సంఘాలు ఎప్పుడైనా అడిగాయా? నేనైతే వినలేదు. ప్రతి సీజన్‌లో అడిగేది రూపాయిన్నర అందరికీ ఇవ్వమని, మేత రేటు తగ్గించమని. న్యాయమైన కోరికలే. డీఓ చూసుకుంటూ అవసరమైనప్పుడే ఏరియేటర్లను ఆన్ చేసే మీటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, కొంతమంది పెద్ద రైతులు పెట్టుకున్నారు, వాటికి రాయితీ ఇవ్వమని అడిగినా రాత్రి వాడకం కొంత తగ్గుతుంది. ఈ సంగతి చెబితే బావ వెంటనే అడిగింది, "ఆ మీటర్ చెడిపోతే రాత్రి మూడింటికి వచ్చి బాగు చేసే మనిషి ఎవరు?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. భీమవరంలో అలాంటి సర్వీసు ఎవరైనా నమ్మకంగా చేస్తుంటే కింద రాయండి, ఆయనకు నంబర్ ఇస్తాను.